మా పట్టణంలో లీజర్ సెంటర్‌ను ఊరివాళ్లకే అప్పగిస్తామంటున్నారు. తీసుకోవాలా, వద్దా?

శైలజ (మిడ్‌ల్యాండ్స్, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. మా పట్టణంలో ఉన్నది ఒకటే లీజర్ సెంటర్. 1970లలో కట్టారు. 25 మీటర్ల ఈత కొలను, పక్కన పిల్లలకు చిన్న కొలను, నాలుగు బ్యాడ్మింటన్ కోర్టులు పట్టే హాలు, మేడ మీద జిమ్ ఉన్నాయి. డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఒక సంస్థకు కాంట్రాక్టు ఇచ్చి దీన్ని నడిపిస్తోంది. వచ్చే ఏడాది ఆ కాంట్రాక్టు ముగుస్తుంది. మళ్లీ కాంట్రాక్టు ఇచ్చే స్తోమత లేదని, ఊరివాళ్లు సంఘంగా ఏర్పడి ముందుకొస్తే భవనాన్ని నామమాత్రపు అద్దెకు పాతికేళ్ల లీజుకు ఇస్తామని, ఎవరూ రాకపోతే మూసేస్తామని కౌన్సిల్ ప్రకటించింది. అభిప్రాయాలు చెప్పడానికి ఆరు వారాల గడువు పెట్టారు.

ఈ మధ్య జరిగిన సమావేశానికి వెళ్లాను. అధికారి చాలా మర్యాదగా మాట్లాడారు. ఊరివాళ్ల చేతిలో ఉంటే ఊరికి కావలసినట్టు నడుస్తుందన్నారు. ఆ మాట నాకూ నచ్చింది. కానీ ఒక పెద్దాయన లేచి పైకప్పు సంగతి ఏమిటని అడిగితే, ఆ వివరాలు తర్వాతి దశలో ఇస్తామని దాటేశారు. గట్టి వాన పడితే మూడో కోర్టు పక్కన బకెట్ పెట్టడం, ఆ కోర్టు బుకింగులు రద్దు చేయడం ఆడేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

నాకు ఈ సెంటర్ ఎందుకు కావాలో కూడా చెప్పాలి. మా అమ్మాయి ఈత నేర్చుకున్నది ఇక్కడే. మా అత్తగారికి మోకాళ్ల అరుగుదల. నీళ్లలో నడవమని ఫిజియోథెరపిస్టు చెప్పినప్పుడు ఆవిడ ససేమిరా అన్నారు. ఆదివారం సాయంత్రం మహిళలకు మాత్రమే ఒక గంట ఉంటుందని, గట్టు మీద లైఫ్‌గార్డు కూడా ఆడమనిషేనని, నిండుగా బట్టలు వేసుకుని దిగవచ్చని చూపించాక ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ గంట కోసం ఆవిడ వారమంతా ఎదురుచూస్తారు. ఊళ్లో ప్రైవేటు జిమ్‌లు ఉన్నాయి గానీ వాటిలో కొలను లేదు.

నన్ను ఆ సంఘంలో చేరమని అడుగుతున్నారు. నేను ఫార్మసిస్టును. లీజులు, బాయిలర్లు నాకు తెలియవు. ఇలా ఊరివాళ్లు తీసుకున్న చోట్ల నిజంగా నిలబడ్డాయా? ట్రస్టీగా సంతకం పెట్టాక నష్టం వస్తే మా ఇంటి మీదికి వస్తుందా? అసలు కౌన్సిల్ ఇలా చేతులు దులుపుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

రామ్మోహన్

శైలజ గారూ, నేను వేరే కౌన్సిల్‌లో ఆర్థిక విభాగంలో పనిచేస్తున్నాను. మీ చివరి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. ఇంగ్లండ్‌లో చట్టం ఒప్పుకుంటుంది. గ్రంథాలయాల సేవ అందించడం 1964 చట్టం ప్రకారం విధి. లీజర్ సెంటర్ల విషయంలో 1976 నాటి చట్టం కౌన్సిళ్లకు అధికారం ఇచ్చిందే గానీ, నడిపి తీరాలని ఎక్కడా చెప్పలేదు. స్కాట్లండ్‌లో వేరు. అక్కడ ఆటలకు, వినోదానికి తగినన్ని సౌకర్యాలు కల్పించడం 1982 చట్టం ప్రకారం కౌన్సిళ్ల బాధ్యత. ఇంగ్లండ్‌లో ప్రైమరీ బడి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా పిల్లాడూ కనీసం 25 మీటర్లు ఈదగలగాలని జాతీయ పాఠ్యప్రణాళికలో ఉంది. ఆ 25 మీటర్లు ఈదడానికి నీళ్లు ఎవరు పెట్టాలో మాత్రం ఏ చట్టమూ చెప్పదు. ఈ పనిలో ఉన్నన్నాళ్లుగా నన్ను బాధపెడుతున్న లోటు ఇది.

మీ కౌన్సిల్ డబ్బు లేదంటే అబద్ధం కాకపోవచ్చు. ఇళ్లు లేని కుటుంబాలకు తాత్కాలిక వసతి చూపడం చట్టబద్ధమైన విధి కాబట్టి డిస్ట్రిక్ట్ కౌన్సిళ్ల డబ్బు అటు పోతోంది. 2022లో గ్యాస్, కరెంటు ధరలు పెరిగినప్పుడు కొలనులు ఎంత ఇబ్బంది పడ్డాయంటే, 2023 బడ్జెట్‌లో ప్రభుత్వం వాటి కోసమే 6 కోట్ల పౌండ్లకు పైగా కేటాయించి, క్రీడలకు నిధులిచ్చే స్పోర్ట్ ఇంగ్లండ్ సంస్థ ద్వారా పంచాల్సి వచ్చింది. అది ఒక్కసారికే. ఆపై 2025 ఏప్రిల్ నుంచి సిబ్బంది జీతాల మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 15 శాతమైంది, అది మొదలయ్యే జీతం పరిమితి ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000కు దిగింది. పార్ట్‌టైమ్ లైఫ్‌గార్డులు, ఈత నేర్పేవాళ్లు ఎక్కువగా ఉండే చోట ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

అయితే మీ సమావేశంలో ఎవరూ ఎత్తి ఉండని విషయం ఒకటుంది, వ్యాట్. కౌన్సిళ్లు లీజర్ సెంటర్లను ట్రస్టులకు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ప్రధాన ఆకర్షణ బిజినెస్ రేట్లలో, అంటే ఇళ్లు కాని భవనాల మీద వేసే పన్నులో, ఛారిటీలకు వచ్చే 80 శాతం మినహాయింపు. కానీ 2023లో పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ తన పాత వైఖరి మార్చుకుంది. కౌన్సిల్ స్వయంగా అందించే లీజర్ సేవలను వ్యాపారం కానివిగా పరిగణిస్తామంది. అంటే ప్రవేశ రుసుముల మీద వ్యాట్ ఉండదు, ఖర్చుల మీద కట్టిన వ్యాట్‌ను కౌన్సిల్ వెనక్కి తెచ్చుకోగలదు. ఛారిటీ ట్రస్టు తీసుకుంటే ఈత ఫీజు మీద వ్యాట్ ఉండకపోవచ్చు గానీ గ్యాస్ బిల్లు మీద, మరమ్మతుల మీద కట్టిన వ్యాట్ చాలామేరకు తిరిగి రాదు. అందుకే కొన్ని కౌన్సిళ్లు తామే నడపడం, లేదా నిర్వాహక సంస్థను తమ ఏజెంటుగా పెట్టుకోవడం వైపు చూస్తున్నాయి. మీ కౌన్సిల్ ఈ రెండు దారుల లెక్క కూడా వేసిందా? వేస్తే ఆ కాగితం చూపమనండి.

ఇంకొకటి. 2024 డిసెంబరు నాటి ప్రభుత్వ శ్వేతపత్రం తర్వాత ఇంగ్లండ్‌లో డిస్ట్రిక్ట్, కౌంటీ అనే రెండంచెల పద్ధతి పోతోంది. మీరు చర్చిస్తున్న డిస్ట్రిక్ట్ కౌన్సిలే మరి కొన్నేళ్లలో ఉండకపోవచ్చు. లీజులో రాసినది కొత్త కౌన్సిల్‌కు సంక్రమిస్తుంది. సమావేశంలో నోటితో ఇచ్చిన హామీలు సంక్రమించవు.

విజయ (ఉత్తర ఇంగ్లండ్)

శైలజ గారూ, ఊరివాళ్లు నడుపుతున్న ఒక కొలనుకు నేను ట్రస్టీని. కౌన్సిల్‌తో మా లీజు మాటలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి మా ఊరి పేరు రాయడం లేదు.

నిలబడ్డాయా అంటే, నిలబడ్డాయి. న్యూకాసిల్‌లో జెస్మండ్ కొలనును 1991లో కౌన్సిల్ మూసేస్తే 1992లో స్థానికులు మళ్లీ తెరిచారు. లీడ్స్‌లో 1904 నాటి బ్రామ్లీ బాత్స్ 2013 నుంచి స్థానికుల చేతిలో ఉంది. మాంచెస్టర్‌లో విథింగ్టన్ బాత్స్‌ను 2015లో ఊరివాళ్లు తీసుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో 1907 నాటి మోస్లీ రోడ్ బాత్స్‌ను 2018 నుంచి స్థానికుల ఛారిటీ నడుపుతోంది. మీ పక్కనే కాబట్టి ఒకసారి వెళ్లి చూడండి.

అయితే వీటిని చూసి ధైర్యం తెచ్చుకునే ముందు ఒక తేడా గమనించాలి. ఇవి ఎక్కువగా ఇటుక గోడల పాత కట్టడాలు. ఊరికి వాటి మీద మమకారం ఉంటుంది, వారసత్వ సంపద పేరుతో గ్రాంట్లు అడగవచ్చు. మీది 1970ల నాటి కాంక్రీటు పెట్టె, చదును పైకప్పు. దానికి వారసత్వ గ్రాంటు ఎవరూ ఇవ్వరు. ఇలాంటివాటికి అక్కరకొచ్చిన 15 కోట్ల పౌండ్ల కమ్యూనిటీ ఓనర్‌షిప్ ఫండ్‌ను కూడా 2024 డిసెంబరులో మూసేశారు. కాబట్టి మీకు ఉన్న ఒకే ఒక బేరం, లీజు మీద సంతకం పెట్టకముందు కౌన్సిల్‌తో ఆడే బేరం. సంతకం అయ్యాక మీ మాటకు బలం ఉండదు.

నామమాత్రపు అద్దె అనగానే అందరూ మెత్తబడతారు. భవనాన్ని మార్కెట్ విలువ కంటే తక్కువకు ఇవ్వడానికి కౌన్సిళ్లకు 2003 నుంచి సాధారణ అనుమతి ఉంది. తగ్గించే విలువ 20 లక్షల పౌండ్లు దాటకూడదు, ఊరి బాగు కోసం అయ్యుండాలి, అంతే. అద్దె ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చిన్న అంకె. మీరు చూడాల్సింది మరమ్మతుల క్లాజు. భవనం లోపల, బయట, పైకప్పుతో సహా పూర్తి మరమ్మతు బాధ్యత లీజుకు తీసుకున్నవాళ్లదే అని ఉంటే, మీ చేతికి ఇస్తున్నది సెంటర్ కాదు, దాని పైకప్పు బాకీ. స్వతంత్ర ఇంజనీరుతో భవన స్థితి సర్వే చేయించమనండి, ఖర్చు కౌన్సిల్‌దే. పైకప్పు, బాయిలర్లు, ఫిల్టర్లు, గాలి మార్చే యంత్రాలు ఒక్కొక్కటి ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తాయో అందులో ఉండాలి. పైకప్పులో రాక్ (RAAC) అనే రకం కాంక్రీటు ఉందో లేదో విడిగా రాయించుకోండి. ఆ కాలపు భవనాల్లో తేలికపాటి ఆ కాంక్రీటు వాడకం ఉండేది, అది ముందస్తు హెచ్చరిక లేకుండా కూలే ప్రమాదం ఉంది.

ఇక నడపడం గురించి. ఊరివాళ్లు నడపడమంటే ఊరివాళ్లే వచ్చి గట్టు మీద నిలబడటం అని చాలామంది అనుకుంటారు. మా దగ్గర పొద్దున ఆరింటికి డ్యూటీ మేనేజర్ తాళం తీసి నేరుగా నీళ్ల దగ్గరికి వెళ్తుంది. చిన్న గాజు గొట్టంలో కొలను నీళ్లు పట్టి, అందులో మాత్ర వేసి నలుపుతుంది. నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు ఎంత ముదిరితే క్లోరిన్ అంత ఉన్నట్టు. తర్వాత పీహెచ్ చూస్తుంది. అది 7.2, 7.4 మధ్య ఉంటే క్లోరిన్ బాగా పనిచేస్తుంది, అంతకు మించి పెరిగేకొద్దీ దాని బలం తగ్గుతుంది. ఆపైన నీటి వేడి, హాలులో గాలి వేడి. గాలి నీళ్ల కంటే సుమారు ఒక డిగ్రీ వెచ్చగా ఉండాలి. లేకపోతే నీళ్లు ఎక్కువగా ఆవిరై, ఆ తేమంతా గోడల్లోకి, ఇనుములోకి చేరుతుంది. ఇవన్నీ లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాకే తలుపులు తెరుస్తారు. రోజంతా కొన్ని గంటలకోసారి ఇదే పని. అంకెలు తప్పితే కొలను ఖాళీ చేయించే అధికారం ఆమెకు ఉంది, బయట ఎంతమంది వరుసలో ఉన్నా సరే. ఇది తీరిక దొరికినప్పుడు వచ్చి చేసే సేవ కాదు, శిక్షణ పొంది జీతం తీసుకునేవాళ్ల పని. లైఫ్‌గార్డుల అర్హతపత్రం కూడా రెండేళ్లకే చెల్లుతుంది, మళ్లీ పరీక్ష పెట్టించాలి. మీ సంఘం వేసే బడ్జెట్‌లో 'వాలంటీర్లు' అన్న మాట సిబ్బంది జీతాల పద్దు దగ్గర కనిపిస్తే ఆ బడ్జెట్‌ను నమ్మకండి.

మరి ఊరివాళ్లు చేసేదేమిటి? ఏ గంట ఎవరికి, ధర ఎంత అని నిర్ణయించడం. మా దగ్గర మహిళల గంటకు పాత నిర్వాహకులు రాత్రి తొమ్మిదిన్నర పెట్టారు. ఎవరూ రావడం లేదు, గిరాకీ లేదని నివేదికలో రాశారు. చిన్న పిల్లలున్న తల్లి రాత్రి తొమ్మిదిన్నరకు తల తడుపుకోవడానికి ఎలా వస్తుంది? మా కమిటీలో ఉన్న ఒక బంగ్లాదేశీ అమ్మాయి చెప్పిందని దాన్ని బడిలో పిల్లల్ని దింపి వచ్చే సమయానికి మార్చాం. ఇప్పుడు ముందే బుక్ చేసుకోకపోతే చోటు దొరకదు. ఆ తల్లులే పిల్లల్ని ఈత పాఠాలకు చేర్చారు. మాకు ఆదాయం వచ్చేది ప్రధానంగా ఆ పాఠాల నుంచే. ఈ రకం తెలివి కాంట్రాక్టు పత్రంలో దొరకదు. నేను ఇంకా ఈ పనిలో ఉండటానికి కారణం అదే.

మీ ఇంటి సంగతి: రిజిస్టర్ కాని సంఘంగా ఉండి మాత్రం లీజు తీసుకోకండి. అప్పుడు సంతకం పెట్టినవాళ్లే వ్యక్తిగతంగా బాధ్యులవుతారు. సీఐఓ అనే ఛారిటీ రూపం గానీ, కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీ గానీ పెట్టుకుంటే బాధ్యత ఆ సంస్థకే పరిమితం. సొసైటీలో ఊరివాళ్లు వాటాలు కొనవచ్చు, ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. పెంజాన్స్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న జూబిలీ పూల్ అలా వాటాలతోనే డబ్బు కూడగట్టింది. అయితే అప్పులు తీర్చలేమని తెలిసీ కళ్లు మూసుకుని నడిపితే మాత్రం ఏ రూపమూ కాపాడదు. నెలనెలా లెక్కలు చూసి నిజం చెప్పే మనిషి కమిటీలో ఒకరు తప్పనిసరి.

ఖాదర్

విజయ గారు చేస్తున్న పని మీద గౌరవం ఉంది. అయినా నా అభిప్రాయం వేరు. కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నాం, అది ఏటా పెరుగుతోంది. పైగా సెంటర్ కూడా మేమే నడుపుకోవాలా? నేనుండే ప్రాంతంలో సగం మంది షిఫ్టుల్లో పనిచేస్తారు. గోదాములు, కేర్ హోములు, టాక్సీలు. సాయంత్రం కమిటీ సమావేశానికి ఎవరు వస్తారు? లాయర్లు, అకౌంటెంట్లు, రిటైరైన మేనేజర్లు ఉన్న పేటలో కొలను బతుకుతుంది. లేని పేటలో మూతపడుతుంది. అవసరం ఎక్కువున్న చోటే ముందు పోతుంది. ఈ పద్ధతిని మంచి మాటలతో ఆహ్వానిస్తే, తర్వాతి ఊరికి ఇదే పత్రం పంపుతారు. శైలజ గారూ, ముందు కౌన్సిలే నడపాలని గట్టిగా అడగండి. రామ్మోహన్ గారు చెప్పిన వ్యాట్ లెక్క మీ వాదనకు బలం.

శైలజ

అందరికీ కృతజ్ఞతలు. ఖాదర్ గారూ, మీ మాట నన్ను ఆపింది. సమావేశానికి వచ్చినవాళ్లలో మా అత్తగారితో కలిసి ఈదేవాళ్లు ఒక్కరూ లేరని ఇప్పుడు గుర్తొస్తోంది.

విజయ గారూ, రెండు సందేహాలు. ఇప్పుడున్న సిబ్బంది ఏమవుతారు? స్థలాన్ని ఇళ్లు కట్టే కంపెనీకి అమ్మేస్తారని ఊళ్లో పుకారు ఉంది. దాన్ని ఆపే మార్గం ఏదైనా ఉందా?

విజయ

ఖాదర్ గారి మాటతో నాకు పేచీ లేదు. మా పక్క పట్టణంలో సరిగ్గా అలాగే జరిగింది. ముందుకు వచ్చే కమిటీ లేదని మూసేశారు. కాబట్టి మొదటి డిమాండ్ కౌన్సిలే నడపాలని. రెండోది, కాదంటే ఏ షరతుల మీద తీసుకుంటామో. రెండూ ఒకే లేఖలో రాయవచ్చు, ఒకటి రాస్తే ఇంకొకటి బలహీనపడదు.

సంస్థ చేతులు మారినప్పుడు ఉద్యోగులను కాపాడే 2006 నాటి ట్యూప్ నిబంధనల కింద సిబ్బంది ఇప్పుడున్న జీతం, షరతులతోనే కొత్త సంస్థకు మారతారు. కొత్తవాళ్లకు తోచినట్టు తీసేయడానికి వీల్లేదు. ఇది వాళ్లకు మంచిది, మీకూ మంచిది, ప్లాంట్ రూమ్ (యంత్రాల గది) రహస్యాలు తెలిసినవాళ్లు వాళ్లే. జాగ్రత్త పడాల్సింది పెన్షన్ దగ్గర. వాళ్లలో ఎవరైనా స్థానిక ప్రభుత్వ పెన్షన్ పథకంలో ఉంటే, పాత సర్వీసు తాలూకు లోటు కౌన్సిల్ దగ్గరే ఉండాలని రాయించండి. చిన్న ఛారిటీ అలాంటి భారం మోయలేదు.

స్థలం గురించి: 2011 లోకలిజం చట్టం కింద సెంటర్‌ను 'కమ్యూనిటీకి విలువైన ఆస్తి'గా నమోదు చేయమని దరఖాస్తు పెట్టండి. స్థానిక ఓటర్ల జాబితాలో ఉన్న 21 మంది కలిస్తే చాలు. నమోదు ఐదేళ్లు ఉంటుంది. అమ్మకానికి పెడితే ఆరు వారాల్లోపు మీరు ఆసక్తి తెలిపితే, మొత్తం ఆరు నెలల పాటు అమ్మకం ఆగుతుంది. అయితే మూసివేతను ఇది ఆపలేదు, మీకే అమ్మాలన్న నిర్బంధమూ లేదు. ఆ గడువును 12 నెలలకు పెంచి, కొనే మొదటి అవకాశం స్థానికులకే ఇవ్వాలన్న బిల్లు 2025 జూలైలో పార్లమెంటు ముందుకు వచ్చింది. అది మీకు వర్తిస్తుందో లేదో లాయరును అడగండి. ఓటర్ల జాబితాలో పేరుంటేనే లెక్క కాబట్టి, కామన్‌వెల్త్ పౌరులుగా ఇక్కడ నివాసముంటూ ఓటు నమోదు చేసుకోని మనవాళ్లుంటే ఈ వారమే చేయించండి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నా ఓటు వస్తుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇంకొక దారి కూడా అడిగి చూడండి. మీ పట్టణానికి విడిగా టౌన్ కౌన్సిల్ ఉంటే, ప్రిసెప్ట్ రూపంలో సొంతంగా పన్ను వసూలు చేసుకునే అధికారం దానికి ఉంటుంది. లీజు టౌన్ కౌన్సిల్ పేరు మీద ఉండి, నడిపేది మీ ఛారిటీ అయితే పైకప్పు భారం ఒక్క కమిటీ నెత్తిన పడదు.

సంఘంలో చేరండి. ఫార్మసిస్టు అంటున్నారు, మోతాదులు, లాగ్ పుస్తకాలు మీకు కొత్త కాదు. కానీ సర్వే నివేదిక చేతికి వచ్చి, మరమ్మతుల క్లాజు మారేవరకు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆరు వారాల గడువు అభిప్రాయాలకే, లీజుకు కాదు. తొందరపెడితే ఆ మాటే చెప్పండి. అలాగే తర్వాతి సమావేశాన్ని ఆదివారం ఆ గంట అయిన వెంటనే, సెంటర్‌లోనే పెట్టమని అడగండి. మీ అత్తగారూ ఆవిడ స్నేహితురాళ్లూ అక్కడే ఉంటారు కదా.